మా అమ్మ కోసిన పచ్చ వైర్లు

27 మే 2006, శనివారం

నేను ఎలక్ట్రీషియన్‌గా చేసే సెక్టార్ ఫైవ్ సైట్ నుంచి లూప్ టెస్టర్, అంటే ఎర్త్ దారి కొలిచే మీటర్, ఇంటికి తెచ్చాను. సూపర్‌వైజర్‌ని అడిగే తెచ్చాను. నీళ్ల మోటారు ముట్టుకుంటే జివ్వుమంటోందని అమ్మ గొడవ పెడుతోంది. మోటారు సాకెట్‌లో పెట్టి చూస్తే 190 ఓమ్‌లు. రెండు దాటకూడదు.

ఎర్త్ దారి బాగుంటే లీకైన కరెంటు దాని గుండా వెనక్కి పరుగెత్తి MCBని, అంటే మెయిన్ స్విచ్‌ని, పడగొట్టి కరెంటు ఆపేస్తుంది. దారి మూసుకుపోతే ఇనుములోనే కూర్చుంటుంది, ఎవరి చెయ్యి తగులుతుందా అని. ఏక్‌బాల్‌పూర్‌లో వానలు మొదలైతే మా లైన్ ఇళ్లలోకి మోకాలి లోతు నీళ్లొస్తాయి.

28 మే

లైన్ ఇళ్లన్నిటికీ ఒకటే అయిన మెయిన్ బోర్డు దగ్గరా అదే 190. అంటే జబ్బు బోర్డుకి అవతల. వెతికితే దొరికింది. సప్లై కేబుల్ నుంచి బోర్డుకి రావలసిన ఎర్త్ పట్టీ తుప్పు పట్టి తెగిపోయి ఉంది. ఎన్నేళ్లయిందో. కొత్తది వేశాను. బోర్డు 0.6. మోటారు 0.8.

అమ్మతో గొప్పగా చెప్పుకున్నాను. చేపలు కడుగుతూ ఊఁ అంది.

29 మే

గొప్పలు ఎందుకు పోయానో. మా ఇంట్లో ఫ్రిజ్ సాకెట్‌లో మీటర్ అసలు నంబరే చూపలేదు.

29 మే, సాయంత్రం

సాకెట్ ఊడదీశాను. పచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, కోసేసి ఉంది. వెనక్కి మడిచి, చివర పాత చీర పేలిక చుట్టి ముడేశారు. పక్కింట్లోనూ అంతే. లైన్ చివరి ఇంట్లోనూ అంతే. అదే మడత, అదే ముడి. ఆ ముడి నాకు తెలుసు. చిన్నప్పుడు నా నిక్కరు జారకుండా అమ్మ వేసేది అదే.

31 మే

మొన్న రాత్రే అమ్మని అడిగితే దాచేదేముందంది. నేను హల్దియాలో పనిచేసే రోజుల్లో ఎవరిదో ఫ్రిజ్ పాడైతే లైన్‌లో అందరి ఫ్రిజ్‌లూ షాక్ కొట్టాయట. పచ్చ వైరు కోస్తే ఆ ఇంటికి షాక్ పోయిందట. అప్పటినుంచి షాక్ కొట్టిందంటే ముసలమ్మని పిలవండి అనడం అందరికీ అలవాటైంది. వెళ్తుంది, మెయిన్ ఆపిస్తుంది, కత్తెరతో కోస్తుంది, టీ తాగి వస్తుంది. ఫ్రిజ్ ముందు చెక్క పీట వేసుకుని దాని మీద నిలబడమని చెప్పిందీ తనే.

అప్పుడు ఆమె చేసింది తప్పేమీ కాదు. మెయిన్‌లో ఎర్త్ తెగి ఉంది కాబట్టి ఒకరి లీకేజీ పచ్చ వైర్ల మీదుగా అందరి ఇళ్లకూ వచ్చింది. ఇప్పుడు మెయిన్ బాగుంది. ఇప్పుడా కోసిన వైర్లే ప్రాణం తీస్తాయి. అలా అన్నందుకు రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. నీళ్లొస్తే పీట ఎవరిని కాపాడుతుందమ్మా?

3 జూన్

అందరివీ కలిపాను. సూరన్న ఇంట్లోనే రభస. అతను గార్డెన్ రీచ్ రేవులో కళాసీ. భార్య సన్యాసమ్మ టిఫిన్ బండ్లకి పిండి రుబ్బి ఇస్తుంది. వైరు కలిపి గ్రైండర్ వేయగానే MCB పడింది. మా లైన్ మొత్తానికీ అదొక్కటే MCB. అందరికీ కరెంటు పోయింది. పడాలి మరి, ఆ గ్రైండర్ ఒళ్లంతా కరెంటే. రిపేరు చేయించమన్నాను. ఇన్నాళ్లూ నడిచింది, నువ్వొచ్చి ఆపావు అన్నాడు సూరన్న. లైన్‌లో అందరూ అతని వైపే.

4 జూన్

సూరన్న సాకెట్‌లో మళ్లీ నంబర్ లేదు. కోసేశాడు.

6 జూన్

మబ్బు పట్టింది. సైట్‌లో మీటర్ పట్టుకుని ఉన్నా నా కళ్లకి సన్యాసమ్మే. తడి నేల, తడి చేతులు, ఆ స్టీలు గ్రైండర్. ఫోన్ మోగితే ముందు ఇంటి నుంచేమో అని నంబరు చూస్తున్నాను. ఇంకోసారి బతిమాలితే తలుపేసుకున్నారు.

7 జూన్

ఈ రోజు అమ్మ వెళ్లింది. నేను అడగలేదు. సూరన్న గడపలో చతికిలబడి చెప్పింది: “ఒరే సూరన్నా, అప్పుడు కొయ్యమన్నదీ నానే, ఇప్పుడు కట్టమంటన్నదీ నానే. నీ మిషను బాగయ్యేవరకూ నీ పిండి నాను రుబ్బుతాను.”

అతను నావైపు చూడకుండా సాకెట్ వైపు చెయ్యి చూపించాడు. వైరు కలిపి, స్క్రూ మరో చుట్టు బిగించాను. అమ్మ చూసిందో లేదో.

9 జూన్

గ్రైండర్ ఖిదిర్‌పూర్‌లో రిపేరుకి ఇచ్చారు. అమ్మ రుబ్బురోలు దగ్గర. నడుం పట్టేసింది. నేను రుబ్బుతానంటే నీకు పొత్రం తిప్పడం రాదంది. మాట్లాడింది, అదే చాలు.

12 జూన్

గ్రైండర్ వచ్చింది. వేశారు. MCB పడలేదు. సాకెట్ 0.9. మూడుసార్లు చూశాను. అయినా నమ్మకం కుదరడం లేదు.

15 జూన్

వాన.

16 జూన్, సాయంత్రం 6.50

నిన్నటి నుంచీ కుండపోత. అర్జెంటీనా ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తుండగా లైన్‌లోకి నీళ్లు. సూరన్న ఇంట్లో గ్రైండర్ తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఆపమని అరుస్తూ పరుగెత్తాను. నేను చేరేలోపే టప్‌మని MCB పడి అంతా చీకటి. టీవీలన్నీ ఆరిపోయాయి. లైన్ లైనంతా నన్నే తిడుతోంది. ఒక్కో గొంతూ పోల్చుకుంటూ నీళ్లలో నిలబడిపోయాను. సన్యాసమ్మ గొంతు అందరికంటే ఆలస్యంగా వినపడింది. పిండి సగంలో ఆగిపోయిందని పచ్చి బూతులు తిడుతోంది. తిట్టు తల్లీ, ఇంకా తిట్టు.