సన్నికల్లు మీద పసుపు

శుక్రవారం రాత్రి, షెమాన్ గ్రెనియే

నా రాత వంకర, తప్పులూ ఎక్కువే. ఏమనుకోకు, సూరమ్మా.

నువ్వు పోయి ఇరవయ్యారు రోజులు. చెరుకు తోటలో నువ్వు మోపులు లెక్కపెట్టినట్టే, వాకిట్లో వరసగా గుంటలు తవ్వి, పొద్దున్నే రోజుకో రాయి మొదటి గుంటలో వేస్తున్నాను. ఏ గుంటలోనైనా మూడోది పడితే మూడూ తీసేసి పక్క గుంటలో ఒకటి వేస్తాను. ఏ గుంటలోనూ జంట రాళ్ళు లేని రోజున నీ సన్నికల్లు మీద తడి పసుపు కనిపిస్తోంది. ఒకటో రోజు, మూడు, నాలుగు, తొమ్మిది, పది, పన్నెండు, పదమూడు. ఆ తర్వాత మళ్ళీ లేదు.

ఈరోజు మూడు గుంటల్లోనూ జంటలే. రేపు అవన్నీ ఖాళీ అయి, నాలుగో గుంటలో ఒంటి రాయి పడుతుంది. జంట ఎక్కడా ఉండదు.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. "నానా, అమ్మ సన్నికల్లు నాకియ్యి. తెల్లారగానే సారెత్ బండి వస్తది," అంది. పసుపు సంగతి చెప్పాను.

"అయ్యో నానా, నువ్వే నూరి మర్చిపోయుంటావు!" అని నవ్వింది.

ఇంట్లో పసుపు కొమ్ము ఒక్కటీ లేదు.

సన్నికల్లు వెళ్ళిపోతే నువ్వు ఎక్కడికి వస్తావు? ఇవ్వనా, వద్దా? బండి రాకముందే జవాబు చెప్పు.