గోడ బయట యోస్ట్

మే 4
ఆగస్టులో మా రీబర్ల వంశమంతా కలిసే పండగ. మూలపురుషుడు యోస్ట్ సమాధి వెతికే పని ఆర్లీన్ అక్క నా నెత్తిన పెట్టింది. ఒరేయ్ ఎల్వుడ్, నీకు ట్రక్కుంది, నోరుంది, ఇంకేం కావాలి అంది. ఇంగ్లీషు రాజు కాలంలో జర్మనీ నుంచి వచ్చి, ఫిలడెల్ఫియా రేవులో ఓడ దిగుతూనే డాన్స్ చేశాడట మహానుభావుడు. ఆ బొమ్మే టీషర్టుల మీద వేయించింది అక్క. మా మగాళ్లందరికీ ఆ కోతిచేష్టలు ఆయన నుంచే వచ్చాయట.

మే 19
దొరికాడు. చర్చి స్మశానంలో కాదు. గోడకి బయట, ముళ్లపొదల్లో, పేరు చెక్కిన ఒంటరి రాయి. బతికున్నవాళ్లే బయట ఉండాలి కదండీ అని పాస్టర్‌తో జోకేశాను. ఆయన పొదల వైపు చూశాడు.

మే 20
మినర్వా అత్తని అడిగాను. నాన్నకి అక్క, తొంభై దాటింది; నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ప్రార్థనలో నిలబడలేకపోయేవాడురా, చేతులు ఎగిరిపోయేవి, దయ్యం పట్టినవాణ్ణి లోపల పాతిపెట్టం అన్నారని మా నాయనమ్మ చెప్పేది అంది. మరి ఓడ దిగి డాన్స్? అది డాన్స్ కాదురా పిచ్చోడా అంది.

తాత గుర్తొచ్చాడు, అత్త వాళ్ల నాన్న. క్రిస్మస్‌కి తోలుకోటూ ముసుగూ వేసుకుని పిల్లల్ని బెదిరించే బెల్స్‌నికెల్ వేషం ఊళ్లో ఆయనదే. గంతులేస్తుంటే పడీ పడీ నవ్వేవాళ్లం. ముసుగు తీశాక కూడా ఆగేవాడు కాదు, నువ్వు చూడలేదు అంది అత్త.

చలికాలం నుంచీ నా చేతిలో కాఫీ కప్పు ఎగురుతోంది. నేను పనిచేసే దాణా మిల్లులో అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్విస్తున్నాను.

జూన్ 11
ట్రీనా ఫోన్ చేసింది. నా ఒక్కగానొక్క కూతురు. కడుపుతో ఉందట.

జూన్ 14
డాక్టర్ రక్తం తీయించాడు. మీ వంశంలో ఇంకెవరికైనా ఉందా అన్నాడు. టీషర్టు మీదే వేయించుకున్నాం డాక్టర్ అన్నాను. నవ్వలేదు. వంశంలో దిగే నరాల జబ్బు, మందు లేదు, మీకుంటే మీ అమ్మాయికి వచ్చే అవకాశం సగానికి సగం అన్నాడు. నా జోకుకి నవ్వని మనిషిని చూసి భయపడటం ఇదే మొదలు.

జులై 9
ఉంది.

ఆగస్టు 10
తోటలో అందరం. చికెన్ పులుసు, బీట్‌రూట్ రసంలో ఊరేసిన గుడ్లు, ఒంటి మీద గంతులేసే యోస్ట్. బల్ల ఎక్కి మొత్తం చెప్పేశాను. గోడ, తాత, రక్తం, నా జబ్బు, మన పిల్లలు. సరిగ్గా అప్పుడే చెయ్యి ఎగిరింది. ఆలూ సలాడ్ గిన్నె పాస్టర్ ఒళ్లో పడింది.

తోటంతా గొల్లున నవ్వింది. ఈసారి మరీ శ్రుతి మించావురా వెధవా అంటూ అక్క కళ్లు తుడుచుకుంది. నిజమే చెబుతున్నానని అరిచాను. ఇంకా నవ్వారు. పొట్ట పట్టుకుని ట్రీనా కూడా నవ్వింది.

మినర్వా అత్త కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చింది. ఎగిరే నా చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వదల్లేదు. ట్రీనా అది చూసింది. నవ్వు ఆగిపోయింది, ఆ ఒక్క ముఖం మీద.

ఆగస్టు 12
ట్రీనా వచ్చింది. వంటింటి టేబుల్ మీద రెండు చేతులూ పరిచింది. చూడు నాన్నా, కదలడం లేదు కదా అంది.

చూస్తున్నాను.