ఉండ్రుగొండ గుట్ట మీద నోరు తెరిచింది

సూర్యాపేట, 1948, శ్రావణ శనివారం

వాళ్ళన్నను పోలీసులు పట్టుకపోయినప్పటి సంది నా భార్య రాములమ్మ నోట మాట లేదు. దవాఖాన మందులతోని గుణం కాలే. ఇయ్యాల ఉండ్రుగొండ గుట్టకు తీస్కపోయిన. సగం ఎక్కినంక కూలబడితే, భుజం ఆసరా ఇచ్చి మీదికి చేర్చిన. 'నరసింహస్వామీ, ఒక్క మాట పలికించు' అని గర్భగుడి ముందట సాష్టాంగపడ్డ.

లేచేసరికి రాములమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా, మా అన్న ఎప్పుడొస్తడు?"

వాళ్ళన్నను పోలీసులు కాల్చి చంపిన్రని మొన్ననే నాకు ఎరుకైంది. ఆమెకు చెప్పలే. పూజారి సంబరంగ గంట కొడుతుండె.

"వస్తడు, జర ఓపిక పట్టు" అన్న.

తొవ్వ పొడుగూత అన్న ముచ్చట్లే చెప్పింది. ఇంటికొచ్చి ఆయన కోసమని జొన్నరొట్టెలు చేసి, మూత పెట్టి, ఇప్పుడే పండుకుంది. పొద్దున లేస్తనే మళ్ళ అడుగుతది. స్వామీ, ఇగ నేనేం చెప్పాలె...