మల్లయ్య కొడుకులు

ఫిబ్రవరి 3
షాద్‌నగర్ నుంచి సునీత ఫోన్. వరసకు చెల్లెలు — ఆ మాట గుర్తుపెట్టుకోవాలి. బాపుకు ముత్తాత అయిన మల్లయ్య పేరు, ఆయన కొడుకుల పేర్లు పాత భూమి రిజిస్టర్‌లో దొరికాయట. "అక్కా, ఉర్దూల ఉన్నది. పక్కింటాయనతోని సదివిచ్చిన." ఆ పేర్ల కోసం మూడేళ్లు ఆఫీసు మెట్లు అరగదీసింది నేను. దొరికింది ఆమెకు. కడుపు మండింది. ఇక్కడ కూడా అబద్ధం ఎందుకు రాయాలి?

ఫిబ్రవరి 4
"మంచిగైంది" అన్నాను నిన్న. అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 9
వాట్సాప్‌లో వంశవృక్షం పెట్టింది. మల్లయ్యకు ఇద్దరు కొడుకులు. బక్కయ్య వాళ్ల ముత్తాత, లింగయ్య మా ముత్తాత. చుట్టాలందరి దండాలు, పూలు. మా తమ్ముడు కూడా పెట్టాడు! వచ్చే నెల తిరుమలగిరిలో వంశం వాళ్లందరం కలుస్తాం కదా, అక్కడ ఈ వంశవృక్షాన్ని చదువుతుందట.

ఫిబ్రవరి 15
ఆమెకు దొరకనిది నాకు కావాలి. మా గొల్లవాళ్ల వంశాలు పాడే మందహెచ్చు ముసలాయన ఉన్నాడు. ఇంటింటి పెద్దల పేర్లు పాడి గొర్రెను కట్నంగా తీసుకుంటాడు. మా పేర్లు మాత్రం పాడడు. బాపు గొర్రె ఇవ్వకుండా వెళ్లగొట్టాడని అవ్వ చెప్పేది. ఇవ్వని ఇంటిని పాటలో వదిలేస్తారు — అంతే కదా. ఇస్తే సరి.

ఫిబ్రవరి 21
తమ్ముడి మందలోంచి మంచి గొర్రెను తెప్పించాను. వాడి ముఖం మాడింది.

ఫిబ్రవరి 22
ముసలాయన వచ్చాడు. గొర్రెను చూశాడు, తాడు పట్టుకోలేదు.
"బిడ్డా, మీ బాపు పిసినారి కాదు. నేను చెప్పింది ఇనలేక ఎల్లగొట్టిండు."
ఏం చెప్పావని అడిగాను.
"మల్లయ్యకు ఒక్కడే కొడుకు, బక్కయ్య. లింగయ్య కరువుల దొరికిన పిలగాడు. ఎవలోడో ఎర్కలేదు. మందల పెట్టుకొని సాదిండు."
రిజిస్టర్‌లో కొడుకనే ఉంది అన్నాను.
"మల్లయ్య గట్ల రాపిచ్చిండు. పాటల నేను గట్ల పాడరాదు బిడ్డా."
లేస్తూ మరో మాట — "నిరుడు షాద్‌నగర్ పిల్ల గూడ అడిగింది. గిదే చెప్పిన."
గొర్రె ఇక్కడే ఉంది.

ఫిబ్రవరి 23
సునీతకు ఏడాదిగా తెలుసు. తెలిసీ లింగయ్యను బక్కయ్య పక్కనే రాసింది. సాదుకున్న కొడుకని చిన్న గుర్తు కూడా పెట్టలేదు. రక్తం వాళ్లదే, మంచితనమూ వాళ్లదేనా? మాకేం మిగిల్చారు?

మార్చి 2
సునీత ఫోన్. "అక్కా, పెద్దదానివి. తిరుమలగిరిల నువ్వే సదువు. నాకంటె నీకే ఎక్కువ ఎర్క." ఆ గొంతులో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు.
చూస్తానన్నాను.

మార్చి 5
ఎల్లుండే. చదివితే ఆమె దయ మీద నిలబడి చదవాలి. ఉన్నది చెప్తే నాతోపాటు తమ్ముడూ వాడి పిల్లలూ ఆ చెట్టులోంచి పోతారు, పాపం వాళ్లకేమీ తెలియదు. చీర తీసి పెట్టాను... మళ్లీ బీరువాలో పెట్టేశాను. సునీత ఇంకొంచెం చెడ్డదై ఉంటే నాకు ఇంత కష్టం ఉండేది కాదు.