ఎస్‌ఎస్‌డీ కొన్న రోజు

మంగళవారం, రాత్రి

ఈరోజు నేనే వెళ్లి ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చాను. మంచి పని చేశానో లేదో ఇంకా తెలియడం లేదు.

ఉద్యోగం పోయినప్పటి నుంచి మా ఆయన ఇంట్లోనే ఉంటున్నారు. ఇంట్లో కంప్యూటర్ మరీ నెమ్మదిగా ఉందని, పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేశాకే అప్లికేషన్లు పెడతానని అన్నారు. నెలల తరబడి ఫోనులో రివ్యూలు చదువుతూనే ఉన్నారు. ఒకదానికి వారంటీ తక్కువ, ఒకటి వేడెక్కుతుంది, ఇంకొకటి పండక్కి చవకవుతుంది.

చూలై బజారులో కంప్యూటర్ షాపాయన, "ఇంటికి ఐదొందల జీబీ చాలమ్మా. ఐదేండ్ల వారంటీ ఉండేది ఎత్తుకోండి" అన్నాడు. మా ఆయన ఎన్నోసార్లు బాగుందన్న రకమే అది.

తెచ్చి చేతిలో పెడితే కోప్పడతారనుకున్నాను. కానీ వెంటనే కూర్చుని బిగించారు, అన్నీ మళ్లీ ఎక్కించారు. సాయంత్రానికి స్విచ్ వేయగానే తెర వెలిగింది.

"బానే ఉండాదే," అన్నాను.

"ఉండాది."

కీబోర్డు మీద చేతులు పెట్టి అలాగే కూర్చున్నారు. పక్కన పెట్టిన టీ చల్లారిపోయింది. నా వైపు చూడకుండా అడిగారు: "పనిలోంచి ఎందుకు తీసేసినారని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పేది, సుజా?"

ఇన్నాళ్లూ ఆయన వెతుకుతున్నది డిస్క్ కోసమే అనుకున్నాను. ఆ వెతుకులాట వెనక తలదాచుకునే కాస్త చోటూ నేనే లాగేసుకున్నానేమో.

కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాను. "ముందు అప్లికేషన్‌లో పేరు కొట్టండి," అన్నాను.

పేరు కొట్టారు. ఈరోజుకి అంతవరకే అయింది.