చేపలారబెట్టే దిబ్బ

మంగళవారం, రాత్రి

మేము చేపలారబెట్టే ఇసుకదిబ్బ మీద గాలిమరల కంపెనీ వాళ్లు ఈరోజు ఎర్రజెండాలు పాతారు. సముద్రంలో నిలబెట్టే మరల రెక్కలు అక్కడ దించుతారట. పడవల సంగతి మగవాళ్లను అడిగారు. దిబ్బ సంగతి ఆడవాళ్లను ఎవరూ అడగలేదు.

"ప్రపంచమంతా ఇంక గాలి కరెంటే అవ్వా" అన్నాడు ఇంజినీరు.

"మంచిదే నాయనా. గాలాడే చోటు నువ్వు తీసుకుంటే నా చేపలు యాడ ఎండాల?"

"మిద్దె మీద ఆరబెట్టుకో."

"నాది రేకుల ఇల్లు. నీ మిద్దె ఇస్తావా?"

నవ్వి జీపెక్కాడు. ఆ నవ్వుకి ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఎండుచేపలు అమ్మకపోతే నేనూ కోడలూ ఏం తిని బతకాలి? రేపు పొద్దున్నే ఆ జెండాల మధ్యే నెత్తళ్ల చేపలు పరుస్తాను. తొక్కుకుంటూ పోతారేమో చూస్తాను.

వాన మాత్రం పడకూడదు. ఇప్పుడే ఎక్కడో ఉరిమినట్టుంది...