కొద్దిగ ఆయాసం

12 జనవరి, శుక్రవారం

గుండెకు స్టెంట్ వేసి ఇంటికి పంపినప్పటి నుంచి ఏమీ అనిపించడం లేదు. ఏడుపు రాదు, ఆకలి కాదు. బొగ్గుబాయిలో పట్టాల మీద టబ్బు నెడుతూ ఛాతీ పట్టుకుని పడిపోయిన సంగతి, పక్కింటాయనకు జరిగినట్టు గుర్తుకొస్తుంది. కరీంనగర్ డాక్టరు రోజూ వాకింగ్ చెయ్యాలన్నాడు. మనసులో ఏముంటే అది రాసుకోమన్నాడు. యూనియన్ వాళ్లిచ్చిన డైరీ ఖాళీగానే ఉంది. రాస్తున్నాను. మనసులో ఏమీ లేదు.

18 జనవరి, ఉదయం

కొడుకు సాయిచంద్ లేపాడు. మొబైల్ షాపు జీతంతో నాకు షూస్ కొన్నాడు. వంగితే ఛాతీ పట్టేస్తుందని వాడే లేసులు కట్టాడు. గ్రౌండుకు పోయాం. సగం రౌండుకే కూర్చున్నాను. మెల్లగ బాపూ, ఫికర్ చెయ్యకు, నేనున్న గద అన్నాడు. డిగ్రీ అయ్యి షాపులో కూర్చున్నప్పటి నుంచి వాడు నాతో ఇంత మాట్లాడింది లేదు.

2 ఫిబ్రవరి

నడిచాం.

11 ఫిబ్రవరి, ఆదివారం

ఆగకుండా గ్రౌండు చుట్టొచ్చాను. సాయిచంద్ ఫోన్లో ఫొటో తీశాడు. నా భార్య యాదవ్వ ఉప్పు లేని పప్పు వడ్డిస్తూ, మొఖంల జర కళ వచ్చింది అంది. కళ సంగతి నాకు తెలియదు. ఆకలైంది. అది మాత్రం నిజం.

25 ఫిబ్రవరి, ఆదివారం

హనుమండ్లు వచ్చాడు. బాయిలో నాతో ఒకే టబ్బు నెట్టిన జోడీదారు. లింగన్నా, నీకేమన్న పిచ్చా అన్నాడు. కంపెనీ మెడికల్ బోర్డు ముంగట అన్‌ఫిట్ అయితె పొల్లగానికి నీ నౌకరి వస్తది, నువ్వేమో గ్రౌండ్‌ల ఉరుకుడు పెట్టినవ్, ఫిట్ అంటె మల్ల నువ్వే బాయిల దిగాలె, వాడు షాపులనే ఉంటడు అన్నాడు. నడుసుడు బందు పెట్టు, మిషన్ మీద నడిపిస్తరు, కొద్దిగ ఆయాసం చూపియ్యి, అయిపాయె అన్నాడు.

యాదవ్వ అతనికి ఇంకో కప్పు చాయ్ పోసింది. సాయిచంద్ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

26 ఫిబ్రవరి

ఎవరూ లేపలేదు.

3 మార్చి

షూస్ సజ్జ మీదికి పోయాయి. నేను అడగలేదు. యాదవ్వే చెప్పింది, ఎవలన్న చూస్తె బాగుండదయా, బోర్డు అయ్యేదాక ఊకో అని. పప్పులో మళ్లీ ఉప్పు పడుతోంది. రుచిగానే ఉంది. తిన్నాను.

సాయిచంద్ నా మొఖం చూడడం లేదు. వాడి మీద కోపం రావాలి. అదీ రాలేదు.

14 మార్చి

పాలకని చెప్పి చెప్పులతోనే గ్రౌండుకు పోయాను. పాల పాకెట్ చేతిలో పట్టుకునే చుట్టొచ్చాను. ఎందుకు పోయానంటే ఏం చెప్పాలో తెలియదు. బూత్ కాడ లైన్ ఉందని ఇంట్లో అబద్ధమాడాను. యాదవ్వ పాకెట్ ముట్టుకుని, గింత వెచ్చగైందేంది అంది.

ఇక రోజూ ఇదే దొంగతనం.

5 ఏప్రిల్

గ్రౌండు నుంచి వస్తుంటే సాయిచంద్ ఎదురయ్యాడు. నా చెప్పులకు ఎర్ర దుమ్ము. చూశాడు. పాకెట్ తీసుకుని ముందు నడిచాడు.

18 ఏప్రిల్, సాయంత్రం

బోర్డు పరీక్ష అయింది. లోపలికి పోయే ముందు సాయిచంద్ నీళ్ల బాటిల్ అందించి, నీ ఇష్టం బాపూ అన్నాడు. ఆ మాట అనకపోయినా బాగుండేది.

మిషన్ ఎక్కి నాలుగడుగులకే ఆగిపోదామనుకున్నాను. కాళ్ల కింద పట్టా కదిలింది. ఇన్ని రోజులు దొంగచాటుగా నడిచింది పనికొచ్చిందా, నేను బాగయ్యానా లేదా, తెలుసుకోవాలనిపించింది. ఇన్ని నెలల్లో గట్టిగా అనిపించింది ఇదొక్కటే. కొడుకు నౌకరి పోతే పోనీ అనుకున్నాను. అవును, అట్లనే అనుకున్నాను. ఉన్న బలమంతా పెట్టాను.

బోర్డు డాక్టరే మిషన్ ఆపాడు. స్క్రీన్ చూసి, నిన్నెవరు గింత గట్టిగ నడవమన్నరు, నరం మల్ల మూసుకపోతున్నది, ఇగ నడుసుడు గిడుసుడు వద్దు, జల్ది ఆపరేషన్ కావాలె అన్నాడు. ఇంటోళ్లను తోలుకరమ్మన్నాడు. అన్‌ఫిట్ అన్నాడు.

బయటికొచ్చి సాయిచంద్‌కు ఆ చివరి మాట ఒక్కటే చెప్పాను. వాడు నన్ను పట్టుకుని ఏడ్చాడు. మిగతాది నోట్లోనే ఉండిపోయింది.

19 ఏప్రిల్

ఇంట్లో మిఠాయి. హనుమండ్లు భుజం తట్టి, ఏం యాక్టింగ్ చేసినవ్ లింగన్నా అన్నాడు. యాదవ్వ చాలా రోజులకు నవ్వింది. నా గుండె చెడిపోయిందని అందరూ తీపి తింటున్నారు, వాళ్లకు తెలియకుండానే. నాకూ ఒక ముక్క పెట్టారు. తిన్నాను.

20 ఏప్రిల్, ఉదయం

సాయిచంద్ లేపాడు. షూస్ దించి దుమ్ము తుడిచాడు. ఇగ ఎంతనన్న నడువు బాపూ, నిన్ను ఆపేటోళ్లు లేరు అంటూ కింద కూర్చుని లేసు కట్టబోయాడు.

యాక్టింగ్ కాదురా అన్నాను. నవ్వాడు.

పానం పెట్టి నడిసిన్రా, అయినా అన్‌ఫిట్ అన్నరు అన్నాను.

లేసు వాడి చేతిలోనే ఉండిపోయింది.